గొంతు డాక్టరుగా విజయవాడలో నిలదొక్కుకోగలనా?

ప్రశ్న: సార్, నేను గుంటూరులో ఎం.ఎస్. ఈఎన్‌టీ ఫైనలియర్‌లో ఉన్నాను. మాది విజయవాడ. సూర్యారావుపేటలో నాన్నగారికి ఈఎన్‌టీ క్లినిక్ ఉంది. ఈమధ్య మా ఓపీకి ఒక తెలుగు లెక్చరర్ వచ్చారు. స్వరతంత్రుల మీద బుడిపెలు వచ్చాయని నిరుడు ఇంకో చోట ఆపరేషన్ చేశారట. ఇప్పుడు గొంతు మళ్లీ బొంగురుపోయింది. చూస్తే బుడిపెలు మళ్లీ ఉన్నాయి. "ఇంకోసారి కోయించుకుంటే పోతాయా అమ్మా?" అని ఆవిడ అడిగితే నాకు జవాబు తోచలేదు. స్పీచ్ థెరపీకి పంపుదామంటే, పెద్దవాళ్ల గొంతుకు థెరపీ చేసేవాళ్లు దగ్గర్లో ఎవరున్నారో మా యూనిట్‌లో ఎవరికీ తెలియదు. అప్పటినుంచీ నాకు ఈ గొంతు వైద్యమే చేయాలని ఉంది. మాట, గొంతు జబ్బులకు జర్మనీలో విడిగా ఒక స్పెషాలిటీయే ఉందని అక్కడున్న స్నేహితురాలు చెబుతోంది. నాన్నగారు మాత్రం "గొంతు మీద క్లినిక్ నడవదు, చెవి ఆపరేషన్లు, సైనస్ బాగా నేర్చుకో" అంటున్నారు. స్వరతంత్రులు కంపించే తీరు చూపే మిషను స్ట్రోబోస్కోప్ కొనాలంటే లక్షల్లో పని. జర్మనీ వెళ్లనా, ఇక్కడే ఫెలోషిప్ చేయనా, నాన్నగారి మాట విననా?
ఒక పీజీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ లెక్చరర్‌గారి సంగతి. ఆవిడ ఇంకా నీ ఓపీకి వస్తుంటే ఇప్పుడే మళ్లీ ఆపరేషన్ టేబుల్ ఎక్కించకు. స్వరతంత్రుల అంచున, ముందునుంచి మూడో వంతు దగ్గర, రెండు వైపులా ఎదురెదురుగా వచ్చేవే ఈ బుడిపెలు. మాట్లాడేటప్పుడు అంచులు గట్టిగా తగిలేది సరిగ్గా అక్కడే. ఆడవాళ్ల స్వరతంత్రులు మామూలు మాటల్లోనే సెకనుకు సుమారు 200 సార్లు కంపిస్తాయి. కిక్కిరిసిన సెక్షన్‌లో, ఫ్యాన్ల చప్పుడు మీద గొంతెత్తి రోజంతా పద్యాలు చెబితే ఆ తాకిడి లక్షల్లోకి పోతుంది. మనం బుడిపె కోసేస్తాం. సెలవు అయిపోగానే ఆవిడ మళ్లీ అదే క్లాసుకు, అదే బిగబట్టిన గొంతుతో వెళ్తుంది. బుడిపె తిరిగి రాక ఏమవుతుంది?

ఆవిడకు కావలసింది మాట్లాడే పద్ధతిలో మార్పు. గొంతును పిసికి కాకుండా ఊపిరి మీద మాట నడపడం, క్లాసులో మెడకు తగిలించుకునే చిన్న మైకు వాడటం, గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి "ఊ" అంటూ బుడగలు తేలుస్తూ స్వరతంత్రుల మీద ఒత్తిడి తగ్గించే సాధన. వారానికి ఒకటి రెండు సిట్టింగుల చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇవన్నీ ఒక థెరపిస్టు దగ్గర కూర్చుని చేయాలి. బుడిపెలకు మొదటి వైద్యం ఇదే. దీనికి లొంగనప్పుడే కత్తి. ఆపరేషన్ చేసినా ముందూ వెనకా థెరపీ ఉండాల్సిందే. దగ్గర్లో ఎవరూ దొరక్కపోతే, తెలుగు వచ్చిన థెరపిస్టు వీడియో కాల్‌లో చేయించినా ఆవిడకు మేలే. వెతికి పెట్టు. ఆ వెతుకులాట ఎలాగూ రేపు నీకు పనికొస్తుంది.

నీ పెద్ద ప్రశ్నకు నా జవాబు కూడా ఆ ఓపీలోనే ఉంది. ఆ రోజు మీ యూనిట్‌లో సర్జన్లకు కొరత లేదు. ఆవిడ గొంతుకు నేర్పే మనిషి లేక చికిత్స ఆగిపోయింది. నువ్వు ఎంత గొప్ప ఫెలోషిప్ చేసి వచ్చినా, పక్క గదిలో ఆ మనిషి లేకపోతే ఇలాంటి రోగికి నువ్వు చేయగలిగింది సగమే. అందుకని ఏ ఊళ్లో చదవాలన్నదానికంటే థెరపిస్టుతో కలిసి పనిచేయడం ఎక్కడ నేర్పుతారన్నది ముందు చూసుకోమంటాను.

జర్మనీ గురించి నీ స్నేహితురాలు చెప్పింది నిజమే. 1905లో బెర్లిన్‌లో హెర్మన్ గుట్స్‌మన్ అనే వైద్యుడితో ఆ శాఖ మొదలైందని చెబుతారు. పేరు ఫోనియాట్రిక్స్. 1924లో వియన్నాలో ఎమిల్ ఫ్రోషెల్స్ చొరవతో అంతర్జాతీయ సంఘం కూడా ఏర్పడింది. జర్మనీలో ఈ రోజుకీ అది విడి స్పెషాలిటీ. గొంతు, మాట, పిల్లల వినికిడి, మింగుడు సమస్యలు అన్నీ ఒకే డాక్టరు చూస్తారు. శిక్షణ ఐదేళ్లు. దానికి ముందు భాష నేర్చుకోవాలి, వైద్యులకు పెట్టే భాషా పరీక్ష గట్టెక్కాలి, లైసెన్సు తెచ్చుకోవాలి. ఇవన్నీ కలిపి చూస్తే నీ వయసులో అది ఒక జీవితకాలపు నిర్ణయం. అక్కడే స్థిరపడాలనుకుంటే నిశ్చింతగా వెళ్లు, గొప్ప చదువు. తిరిగొచ్చి విజయవాడలో పనిచేయాలనుకుంటే మాత్రం వద్దంటాను. మన దగ్గర పీజీ కోర్సుల్లో ఆ పేరుతో శాఖ లేదు. వచ్చాక కూడా బోర్డు మీద నీ డిగ్రీ ఎం.ఎస్. ఈఎన్‌టీయే.

ఇంకో కారణం కూడా ఉంది, నాకు ఇదే పెద్దది. గొంతు ఏ దేశంలోనైనా ఒకటే, మాట అలా కాదు. "కాకి"ని "తాతి" అనే నాలుగేళ్ల పిల్లవాడికి నాలుక వెనక భాగం ఎత్తడం రాదు. "ళ", "ణ" పలకలేని పిల్ల నాలుక కొనను వెనక్కి మడవలేకపోతోంది. గ్రహణం మొర్రితో పాటు అంగిలి కూడా చీలి ఆపరేషన్ అయిన పిల్ల "పాప" అంటే ముక్కులోంచి "మామ" అన్నట్టు వినిపిస్తుంది. ఈ పిల్లల్ని పట్టుకోవాలంటే తెలుగు శబ్దాల మీద చెవి నలిగి ఉండాలి, అమ్మమ్మ దగ్గర పిల్లవాడు ఎలా మాట్లాడతాడో అడిగి చెప్పించుకోగలగాలి. జర్మన్ పిల్లల మీద ఐదేళ్లు చేసిన సాధన ఇందులో నీకు పెద్దగా అక్కరకు రాదు.

అయితే ఆ గుట్స్‌మన్ దగ్గర నేర్చుకోవాల్సింది లేకపోలేదు. ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ కుర్రాడిని తల్లి తీసుకొస్తుంది. మీసం వచ్చింది, గొంతు మాత్రం ఆడగొంతు. ఫోనెత్తితే అవతలివాళ్లు "అమ్మా" అంటారు. క్లాసులో సెమినార్ చెప్పమంటే ఆ రోజు కాలేజీ మానేస్తాడు. అప్పటికే హార్మోన్ పరీక్షలన్నీ అయిపోయి ఉంటాయి, అన్నీ నార్మల్. స్కోపు వేసి చూస్తే స్వరపేటిక కూడా నిక్షేపంగా ఉంటుంది. అప్పుడు నీ బొటనవేలిని అతని కంఠమణి మీద ఆనించి, మెల్లగా వెనక్కి, కిందికి నొక్కి "ఆ" అనమను. గభాలున మగగొంతు వస్తుంది. కుర్రాడు ఉలిక్కిపడి నీ వంక చూస్తాడు, తల్లి ఏడుస్తుంది. ఆ పరీక్షకు ఆ బెర్లిన్ డాక్టరు పేరే పెట్టారు. దానికి మిషను అక్కర్లేదు, ఎంఆర్‌ఐ అక్కర్లేదు. కానీ వేలు తీసేస్తే గొంతు మళ్లీ పైకి పోతుంది. వేలు తీశాక కూడా ఆ గొంతు నిలబడేలా చేయడం, కొత్త గొంతుతో స్నేహితుల ముందు నోరు తెరిచే ధైర్యం ఇవ్వడం థెరపిస్టు పని. చాలామంది కుర్రాళ్లకు కొన్ని వారాల్లోనే కుదురుతుంది. థెరపీతో కుదరని కొద్దిమందికి ఆపరేషన్ ఉంది. క్యోటోకు చెందిన ఇస్షికి 1974లో నాలుగు రకాలుగా విడదీసి చెప్పిన థైరోప్లాస్టీల్లో, అంటే గొంతు మార్చడానికి స్వరపేటిక మృదులాస్థి మీద చేసే ఆపరేషన్లలో, మూడో రకం అది. వరుస అర్థమైందిగా, ముందు వేలు, తర్వాత థెరపీ, ఆఖరున కత్తి.

ఇక ఇక్కడి చదువు. మూడేళ్ల ఎం.ఎస్.లో పీజీలకు చెవి, ముక్కు మీద చేయి బాగా తిరుగుతుంది. గొంతు అంటే మాత్రం టాన్సిల్స్, ఊపిరాడనివాళ్లకు గాలిగొట్టానికి రంధ్రం పెట్టే ట్రేకియాస్టమీ, క్యాన్సర్ బయాప్సీ. మాట్లాడుతున్న గొంతును చూడటం నేర్పేది తక్కువ. రోగి నాలుక గుడ్డతో పట్టుకుని "ఈ" అనిపించి, తంత్రులు దగ్గరకొచ్చాయా లేదా అని చూసి వదిలేస్తాం. అవి ఎలా కంపిస్తున్నాయో మామూలు లైటులో కంటికి ఆనదు. స్ట్రోబోస్కోప్ లైటు ఆ కంపనానికి కాస్త వెనకబడుతూ వెలిగి ఆరుతుంది కాబట్టి అల నెమ్మదిగా పోతున్నట్టు కనిపిస్తుంది. ఎక్కడ అల ఆగిపోయిందో అక్కడ మచ్చో, గడ్డో, తొలిదశ క్యాన్సరో ఉండొచ్చు. ఈ చూపు రావాలంటే ఎవరో ఒకరి పక్కన నెలల తరబడి కూర్చోవాలి. అందుకే ఎం.ఎస్. తర్వాత లారింగాలజీ (స్వరపేటిక వైద్యం) ఫెలోషిప్ తప్పకుండా చేయమంటాను. ముంబయి, పుణె లాంటి ఊళ్లలో కొన్ని నెలల నుంచి ఏడాది దాకా ఉండేవి ఉన్నాయి. ఏడాదిది దొరికితే అదే పట్టుకో. నెలరోజుల వర్క్‌షాపు సర్టిఫికెట్లు గోడకు తగిలించుకోవడానికి బాగుంటాయి గానీ వాటితో చెయ్యీ తిరగదు, కన్నూ పదునెక్కదు.

థెరపిస్టుల కొరత సంగతి నీకు వివరంగా తెలియాలి, ఎందుకంటే రేపు నీకు దొరకాల్సిన మనిషి అక్కణ్నుంచే రావాలి. వాళ్ల చదువు బీఏఎస్ఎల్‌పీ, అంటే వినికిడి, మాట సమస్యల మీద డిగ్రీ, ఇంటర్ తర్వాత ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు, ఆపైన మాస్టర్స్ రెండేళ్లు. 1992 నాటి చట్టం కింద ఉన్న రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర పేరు నమోదై ఉండాలి. మైసూరులో 1965 నుంచి ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దేశంలో ఈ రంగానికి పెద్ద దిక్కు. మనకు దగ్గర్లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. చదువుకున్నవాళ్లలో కొందరు హియరింగ్ ఎయిడ్ కంపెనీలకు, కొందరు హైదరాబాద్, బెంగళూరులకు, కొందరు విదేశాలకు వెళ్లిపోతారు. ఇక్కడ మిగిలినవాళ్లు మాట ఆలస్యమైన పిల్లలు, ఆటిజం, చెవుడున్న పిల్లలకు లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్లతో తలమునకలు. పెద్దవాళ్ల గొంతు ముట్టుకునే తీరిక, అలవాటు చాలామందికి లేవు. చదువులో నేర్చుకోలేదని కాదు. వాళ్ల దగ్గరకు గొంతు కేసులు పంపే డాక్టరు లేక ఆ విద్య తుప్పు పట్టింది.

కాక్లియర్ ఇంప్లాంట్‌ను చూడు. ఆరోగ్యశ్రీలో పిల్లలకు ఆపరేషన్‌తో పాటు తర్వాతి థెరపీకి కూడా ప్రభుత్వం డబ్బు కట్టింది. దాంతో సర్జనూ థెరపిస్టూ కలిసి పనిచేయడం మన రాష్ట్రంలో మామూలు విషయమైపోయింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో వినికిడి పరీక్షించి మాట నేర్పే ఆడియాలజిస్ట్ కమ్ స్పీచ్ థెరపిస్టుకు పోస్టు పెట్టారు, అదీ పిల్లలకే. పక్షవాతంతో మాట పడిపోయిన నాన్నకు, థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు గాలిపోయిన అమ్మకు అలాంటి ఏర్పాటు కావాలని అడిగేవాళ్లు లేరు. ఆ అడగాల్సినవాళ్లలో నువ్వూ ఒకదానివి కావాలని నా కోరిక. ప్రతి మెడికల్ కాలేజీ ఈఎన్‌టీ విభాగంలో గొంతు థెరపీ చేసే మనిషి ఒక్కరైనా పూర్తికాలం ఉంటే, పీజీలు ఆ గదిలో కొన్ని వారాలు పోస్టింగు చేస్తే, నీకు ఆ రోజు ఎదురైన ఇబ్బంది నీ తర్వాతి బ్యాచ్‌లకు ఎదురవదు.

రోగులు రారన్న మీ నాన్నగారి మాటకు వస్తాను. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద మాట వైకల్యం ఉన్నవాళ్లు సుమారు 20 లక్షలని తేలింది. ఆ లెక్కలో నత్తి ఉన్నా మాట అర్థమవుతుంటే కలపలేదు. బొంగురు గొంతుతో బతుకు ఈడుస్తున్న టీచరు ఊసు అసలే లేదు. నీ రోగులు ఆ లెక్క బయట ఉన్నారు. విజయవాడ చుట్టుపక్కల కార్పొరేట్ కాలేజీల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా అరిచే లెక్చరర్లు ఎంతమందో నీకు తెలుసు. తెనాలి వైపు పద్యనాటకాలు ఆడేవాళ్లు, పూజారులు, పాస్టర్లు, బస్టాండులో అనౌన్స్‌మెంట్లు చెప్పేవాళ్లు, గుంటూరు మిర్చి యార్డు ఘాటులో రోజంతా దగ్గుతూ బస్తాలు మోసే హమాలీలు. వీళ్లంతా మిరియాల కషాయం, అల్లం, కరక్కాయ బుగ్గన పెట్టుకుని నెట్టుకొస్తున్నారు. గొంతుకో డాక్టరు ఉంటారన్న సంగతే చాలామందికి తెలియదు. తెలిసిన రోజున వస్తారు.

వీళ్లలో కొందరిని నువ్వు వెతికి పట్టుకోవాలి కూడా. పొగాకు మన నేల మీద పంట. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయమే గుంటూరులో ఉంది. చుట్ట, బీడీ అలవాటున్న మనిషికి గొంతు మూడు నాలుగు వారాలు దాటి బొంగురుగా ఉంటే స్కోపు వేసి తీరాలి. స్వరతంత్రి మీద మొదలైన క్యాన్సర్ తొందరగా గొంతు మారుస్తుంది, మెడ గడ్డల్లోకి ఆలస్యంగా పాకుతుంది. అంటే ముందే పట్టుకునే అవకాశం ఆ జబ్బే ఇస్తోంది. యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ రాస్తూ నాలుగు నెలలు పోగొట్టుకుని వచ్చినవాళ్లకు స్వరపేటిక మొత్తం తీసేయాల్సి వస్తే, వాళ్లకు మళ్లీ మాట నేర్పడమూ నీ పనే. బెంగళూరులో డాక్టర్ విశాల్ రావు సుమారు 50 రూపాయల ధరకే అందేలా వాయిస్ ప్రాస్థెసిస్, అంటే స్వరపేటిక లేనివాళ్లు మాట్లాడేందుకు గొంతులో అమర్చే చిన్న పరికరం, తయారుచేశారు. పరికరం చవకైనా దాన్ని అమర్చి, మెడ మీద రంధ్రాన్ని వేలితో మూసి మాట్లాడటం నేర్పే మనిషి కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం స్వరపేటిక తీసేసినవాళ్లను పేరెత్తి మరీ మాట వైకల్యం కింద చేర్చింది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు పంపడం మర్చిపోకు. చాలామంది సర్జన్లకు ఈ సంగతి గుర్తుండదు.

డబ్బు విషయంలో మాత్రం మీ నాన్నగారి మాట కొట్టిపారేయకు. ఒట్టి గొంతు మీద మొదటి రోజునుంచే క్లినిక్ నడపడం కష్టం. చెవి, సైనస్ బాగా నేర్చుకో, క్లినిక్‌లో అవీ చెయ్యి. వారంలో ఒక మధ్యాహ్నం గొంతుకు విడిగా కేటాయించు, ఆ పూట ఒక్కో రోగికి అరగంట ఇవ్వు. స్ట్రోబోస్కోప్ తర్వాత కొనుక్కోవచ్చు. మీ నాన్నగారి క్లినిక్‌లో నోట్లోంచి స్వరపేటికను చూసే 70 డిగ్రీల స్కోపు, కెమెరా ఇప్పటికే ఉండి ఉంటాయి, మొదలుపెట్టడానికి చాలు. రోగి గొంతును రికార్డు చేసి కొలవడానికి ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్ల ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని, ఒక్క ఊపిరిలో "ఆ" ఎంతసేపు పట్టగలరో చూడు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు సాధారణంగా పదిహేను సెకన్లు దాటిస్తారు. ఐదారు సెకన్లకే గాలి అయిపోతే తంత్రులు సరిగా మూసుకోవడం లేదేమో చూడాలి.

మిషను కోసం దాచే డబ్బుతో మొదటి ఏడాది ఒక థెరపిస్టుకు జీతం ఇవ్వమని మీ నాన్నగారిని అడుగు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసి, తెలుగు ఇంటి భాషగా ఉన్న మనిషిని తీసుకో. పెద్దవాళ్ల గొంతు మీద అనుభవం లేకపోయినా ఫర్వాలేదు, నీతోపాటే నేర్చుకుంటారు. ఫెలోషిప్‌కు నీతో ఒకటి రెండు వారాలు వాళ్లనూ పిలిపించుకోగలిగితే ఇంకా మంచిది. కమీషన్ మీదో, కేసుకింత అనో కాకుండా నెల జీతం ఇవ్వు. కేసుకింత అన్నచోట మనుషులు నిలవరు. మొదటి ఆరు నెలలు ఆ గది ఖాళీగా కనిపిస్తుంది. ఆ తీరికలో ఇద్దరూ కలిసి కాలేజీలకు వెళ్లి లెక్చరర్ల గొంతులు వినండి. ఏటా ఏప్రిల్ 16న ప్రపంచ స్వర దినోత్సవం వస్తుంది, ఆ రోజు ఉచితంగా స్కోపు వేస్తామంటే ఏ కాలేజీ యాజమాన్యమైనా గది ఇస్తుంది.

ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టే ముందు ఆ సెంటరుకు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కో. అక్కడ థెరపిస్టు పూర్తికాలం ఉన్నారా, థెరపీ గదిలో నిన్ను రోజూ కొంతసేపు కూర్చోనిస్తారా, ఆపరేషన్ వద్దని తిప్పి పంపిన కేసులు కూడా నీకు చూపిస్తారా. మూడోదానికి నీళ్లు నమిలితే ఇంకో సెంటరు చూసుకో.